మూలకణాలు మాట విన్నాయా, ఆకలికి మారాయా?

(వాదాంశం: క్యాన్సర్ కణాలు వదిలే స్రావాలు మూలకణాలను (వేరే రకం కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ను) తమ పనికి మలుచుకుంటాయి.)

శారద: మలుచుకుంటాయి, సందేహం లేదు. 2007లో రొమ్ము క్యాన్సర్ కణాలకు ఎముక మజ్జలోని మీసెంకైమల్ (ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగల) మూలకణాలను కలిపి ఎలుకల్లో పెట్టారు. అప్పుడు మూలకణాలు సీసీఎల్5 అనే ప్రొటీన్‌ను వదిలాయి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడం పెరిగింది.

మాధవ్: ముందు స్రావం అంటే ఏమిటో చూద్దాం శారద గారూ. క్యాన్సర్ కణాలు రెండు రోజులు పెరిగిన ఫ్లాస్కు తీయండి. ఎర్రగా ఉండాల్సిన మీడియం, అంటే కణాలను పెంచే పోషక ద్రవం, పసుపు తిరిగి ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంది, గ్లూకోజ్ తగ్గిపోయింది. దాన్నే వడగట్టి మూలకణాల మీద పోస్తారు. అవి సాగి, ఆకారం మారితే సందేశం విన్నట్టా, ఆకలికి మారినట్టా?

శారద: మంచి ప్రశ్నే. అందుకే తాజా మీడియం కలుపుతారు, మామూలు కణాల మీడియంతో పోల్చి చూస్తారు. పైగా కణాల మధ్య సంకేతంగా పనిచేసే టీజీఎఫ్ బీటా అనే ప్రొటీన్ సంకేతాన్ని అడ్డుకుంటే ఆ మార్పు చాలావరకు తగ్గుతుంది. ఆకలే కారణమైతే ఎందుకు తగ్గాలి?

మాధవ్: సరే, అది ఒప్పుకున్నాను. మరి 2006లో? కపోసి సార్కోమా (రక్తనాళాల లోపొర కణాల్లో పుట్టే ఒక క్యాన్సర్) ఉన్న ఎలుకలకు ఇవే మూలకణాలు ఎక్కిస్తే కణితి పెరుగుదల తగ్గింది! మీరు చెప్పిన 2007 ప్రయోగంలోనూ క్యాన్సర్ కణాలకు వచ్చిన ఆ దూకుడు శాశ్వతం కాలేదు.

శారద: పక్కన మూలకణం లేకపోతే దూకుడు పోయిందంటే, ఆ దూకుడుకు మూలం పక్కవాడి సంకేతమే కదా! ఇక శాశ్వతం సంగతి. 2012లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలు బయటికి వదిలే ఎక్సోజోములను ఎలుకలకు ఎక్కించారు. మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అంటాం కదా, ఆ లెక్కన ఇవి 30 నుంచి 150 నానోమీటర్ల సంచులు. తర్వాత ఆ ఎలుకల మజ్జ తీసి వేరే ఎలుకలకు మార్పిడి చేశారు. వాటిలో కణితి మరింత పెరిగింది, మరింత పాకింది. ఎక్సోజోములు అందుకున్నది మొదటి ఎలుక. ఆ ప్రభావం మజ్జతోపాటు రెండోదానికి వెళ్లింది. ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది.

మాధవ్: అది నన్నూ ఆలోచనలో పడేసింది. కానీ మూలకణాల్లో మందు నింపి కణితి దగ్గరికి పంపే చికిత్సను ఈ భయంతో వదిలేద్దామంటే ఒప్పుకోను.

శారద: వదిలేయమనడం లేదు. పంపే కణంలో అవసరమైతే దాన్నే చంపే జన్యువు పెట్టి పంపమంటున్నాను.

మాధవ్: దానికి ముందు ఇంకో పని. రోగి కణితి స్రావంలోనే ఆ కణాలను రెండు రోజులు కాదు, నెల రోజులు ఉంచి చూడండి.

శారద: 2008లో ముప్పై రోజులు ఉంచి చూశారు మాధవ్ గారూ. అవి కణితికి సాయపడే ఫైబ్రోబ్లాస్టుల్లా (కణజాలాన్ని కలిపి ఉంచే పీచును తయారుచేసే కణాల్లా) మారిపోయాయి.