ఏం కాదులే అని కాల్చిన తుపాకి

మొన్న దసరాకి ఇక్కడ అమెరికాలో మన సంఘం ఆయుధ పూజలో కార్ల తాళాలు, లాప్‌టాప్‌లు, వీణ, పిల్లల క్రికెట్ బ్యాట్ల నడుమ ఒక పాత డబుల్ బ్యారెల్ తుపాకి కూడా ఉంది. చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గొట్టాల పొడవునా నీటి అలల్లాంటి గీతలు, రెండు పక్కలా చెక్కడం పనితో లాక్ ప్లేట్లు, అంటే కాల్చే యంత్రాంగం బిగించిన ఇనుప పలకలు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫుల్టన్ ఊళ్లో హంటర్ ఆర్మ్స్ వాళ్లు చేసిన ఎల్.సి. స్మిత్ అది, 12 గేజు (గేజు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత). పూజ అయ్యాక ఒక పెద్దాయన మైకులో, ఆ గొట్టాలు డమాస్కస్ ఉక్కువని, డమాస్కస్ అంటే మన కోనసముద్రం ఉక్కేనని చెప్పారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

రెండు వారాల తర్వాత షూటింగ్ రేంజికి వెళ్లిన బృందం ఆ తుపాకిలో దుకాణంలో దొరికిన కొత్త తూటాలు పెట్టి కాల్చింది. ఎవరో వద్దన్నారట. ‘ఏం కాదులే’ అని ఇంకెవరో అన్నారట. అయిదో తూటాకి ఎడమ లాక్ ప్లేటు వెనక కర్ర, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, నిలువునా చీలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. తర్వాతి కమిటీ సమావేశంలో రెండు ముక్కల్లో తేల్చేశారు: ఇకపై పూజలో తుపాకి వద్దు, ఆ పాత ఇనుముని పోలీసులకి అప్పగించి వదిలించుకోవాలి.

కాల్చినప్పుడు లేని భయం చీలాక వచ్చింది. ఈ రెంటి మధ్య ఎవరూ ఆ తుపాకిని విప్పి చూడలేదు. విప్పి చూస్తే అన్నిటికీ కారణాలు కనిపిస్తాయి, వాటిలో చాలా వాటికి మరమ్మతు కూడా ఉంది.

ముందు కోనసముద్రం సంగతి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల్లో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ప్రపంచానికి తెలిసినదే. దాన్ని ఇంగ్లీషువాళ్లు ఊట్జ్ అన్నారు, ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని చెబుతారు. ఆ గర్వం మనది, ఉండాల్సిందే. కానీ ఆ ఉక్కు కత్తులకి వెళ్లింది, ఈ గొట్టాలకి కాదు. తుపాకి డమాస్కస్ వేరే పని. సన్నటి ఇనుప కడ్డీలు, ఉక్కు కడ్డీలు కలిపి మెలిపెట్టి, పట్టీలా సాగదీసి, ఒక రాడ్డు చుట్టూ స్ప్రింగులా చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తితో అతికిస్తారు. అమెరికన్ కంపెనీలు ఇలాంటి గొట్టాలని ఎక్కువగా బెల్జియంలోని లియేజ్ ప్రాంతం నుంచి తెప్పించుకునేవి. ఆ కత్తుల మీదా ఈ గొట్టాల మీదా గీతలు ఒకేలా ఉన్నాయి కాబట్టి డమాస్కస్ అన్న పేరు అతుక్కుంది, అంతే. మూస ఉక్కు ఒకటే ముద్ద. ఈ గొట్టంలో మొదటి నుంచి చివరి దాకా అతుకులే. ఆ అతుకుల్లో ఎక్కడైనా చిట్టెం ఇరుక్కుని ఉంటే, నూరేళ్ల తేమకి లోపల్నుంచి తుప్పు తిని ఉంటే, పైకి తెలియదు. ‘మన ఉక్కు, ఏం కాదు’ అన్న మాటకి ఇక్కడ ఆధారం లేదు.

ఇంకో తేడా కూడా మనవాళ్లకి తెలియాలి. మన వైపు పాత జమీందారీ ఇళ్లలో కనిపించే డబుల్ బ్యారెళ్లు ఎక్కువగా ఇంగ్లండువి. వాటి గొట్టాల అడుగున లండన్, బర్మింగ్‌హామ్ పరీక్షాశాలల ముద్రలు ఉంటాయి. అమెరికాలో చట్టం నిర్బంధించే అలాంటి పరీక్షాశాల లేదు. ఎవరి తుపాకిని ఆ కంపెనీయే పరీక్షించుకునేది. అందుకని అమెరికన్ తుపాకి మీద ముద్ర చదివి బలం అంచనా కట్టడం కుదరదు. కొలవాల్సిందే.

ముందుగా కొలవాల్సింది చాంబర్, అంటే తూటా కూర్చునే గది. మోసమంతా ఇక్కడే ఉంది. తూటా పెట్టె మీద రాసిన 2¾ అంగుళాలు పేలాక విచ్చుకున్న పొడవు. పేలకముందు మూతి మడత వల్ల అది పొట్టిగా ఉంటుంది. అందుకే 2⅝ అంగుళాల గదిలోనూ, 2½ అంగుళాల గదిలోనూ కూడా కొత్త తూటా చక్కగా దిగిపోతుంది, తుపాకి చక్కగా మూసుకుంటుంది. పట్టింది కదా అనుకుంటాం. పేలినప్పుడు మూతి విచ్చుకోడానికి చోటు లేక, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోతుంది. గుళ్లు వెళ్లే దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. పాత 12 గేజులో 2⅝, 16 గేజులో 2 9/16, 20 గేజులో 2½ అంగుళాల గదులు మామూలు. పార్కర్ అనే అమెరికన్ కంపెనీ వాళ్లయితే ఉద్దేశించిన తూటా కంటే గదిని కొంచెం పొట్టిగానే తొలిచేవాళ్లు. చాంబర్ గేజు అనే చిన్న కొలబద్ద లోపలికి వేస్తే ఎక్కడ ఆగిందో గీత చూసి చదవొచ్చు, నిమిషం పని. మన ఎల్.సి. స్మిత్ గది 2⅝.

రెండోది, ఒత్తిడి వేరు, తన్ను వేరు. ఈ తేడా తెలియకే కర్ర చీలింది. కొత్త 12 గేజు 2¾ తూటాకి అమెరికన్ పరిశ్రమ ఒప్పుకున్న గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. గొట్టాన్ని పాడుచేసేది ఇది. కర్రని పాడుచేసేది మాత్రం గుళ్ల బరువు, వేగం కలిసి వెనక్కి కొట్టే తన్ను. పాత తుపాకుల కోసమే చేసే తక్కువ ఒత్తిడి తూటాలు 6,000, 7,000 దగ్గర ఉంటాయి. అవి కొన్నా 1¼ ఔన్సుల గుళ్లున్నవి తెచ్చుకుంటే గొట్టం బతుకుతుంది గానీ కర్ర బతకదు. 12 గేజుకి ⅞ ఔన్సు, మహా అయితే 1 ఔన్సు, అదీ 2½ అంగుళాల తూటా. గురి కోసం ఎగరేసే మట్టి పళ్లేలు కొట్టడానికి అంతకు మించి అక్కర్లేదు. రేంజిలో వాడినవి 1¼ ఔన్సువి.

మూడోది గోడ మందం. 12 గేజు గొట్టం లోపలి వ్యాసం మామూలుగా 0.729 అంగుళం. 0.740 దాటితే ఎవరో లోపలి తుప్పు గుంటలు పోవడానికి గీకారని అర్థం, గీకిన మేరా గోడ పలచబడుతుంది. వ్యాసం ఒక్కటే చూస్తే చాలదు, గోడనే కొలిచే పరికరంతో చుట్టూతా చూడాలి. గొట్టం ముందు సగంలో 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు కంటే తగ్గితే మంచి గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే పనివాడు, కాల్చనివ్వడు. గది దగ్గర దానికి ఎన్నో రెట్లు మందం ఉండాలి. డమాస్కస్ అయితే ఈ కొలతలన్నీ బాగున్నా కాల్చొద్దనే గన్‌స్మిత్‌లు ఉన్నారు. వాళ్లది పిరికితనం కాదు. అతుకు లోపల ఏముందో ఏ కొలబద్దా చెప్పలేదని వాళ్లకి తెలుసు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు మూడు. గొట్టాలని విడదీసి, అడుగున ఉన్న కొక్కేనికి తాడు కట్టి వేలాడదీసి, చెక్క పుల్లతో తట్టాలి. గుడిగంటలా మోగితే గొట్టాల మధ్య పట్టీలు గట్టిగా ఉన్నట్టు. బరబరమంటే ఎక్కడో అతుకు ఊడింది. తర్వాత గొట్టాల కింద ఉండే ముందు చెక్క తీసేసి తుపాకి మూసి, గొట్టాలని పైకీ కిందకీ పక్కలకీ ఊపాలి. ముందు చెక్క బిగించి ఉంటే దాని స్ప్రింగు వదులుని దాచేస్తుంది, అందుకే తీయాలి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే గొట్టాలకీ వెనక గోడకీ మధ్య వెలుతురు కనిపించకూడదు. ఇక మీద ఉండే లివర్. ఎల్.సి. స్మిత్, ఫాక్స్ తుపాకుల్లో తిరిగే బోల్టు అరిగిన కొద్దీ ఇంకొంచెం తిరిగి పట్టుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు మూసిన లివర్ నడిమి గీతకి కుడివైపు ఆగుతుంది, బాగా అరిగాక ఎడమకి పోతుంది. మన తుపాకి లివర్ ఇంకా కుడివైపే ఉంది, గొట్టాలు గంటలా మోగుతున్నాయి. పాత ఇనుము అన్నవాళ్లు ఆ మోత ఒకసారి వినాలి.

వదులైన గొట్టాలకి కొందరు డబ్బా రేకు ముక్క అంటిస్తారు, కొందరు కొక్కేన్ని సుత్తితో కొట్టి సాగదీస్తారు. రెండూ పదిరోజుల వైభోగాలే. పెద్ద సైజు హింజ్ పిన్ (గొట్టాలు తిరిగే కీలు మేకు) వేయడం గానీ, కొక్కెం మీద టిగ్ వెల్డింగుతో లోహం నింపి, దీపం మసి రాసి, తగులుతున్న చోటు చూసుకుంటూ కొంచెం కొంచెం ఆకురాయితో తీయడం గానీ సరైన పని.

కర్ర దగ్గరికి వద్దాం. ఎల్.సి. స్మిత్ సైడ్‌లాక్ తుపాకి. రెండు పక్కలా లాక్ ప్లేట్ల కోసం కర్రని తొలిచేస్తారు కాబట్టి తన్ను తట్టుకునే చోట మిగిలే చెక్క తక్కువ. లాక్ ప్లేట్ల వెనక చీలిక ఈ తుపాకులకి పుట్టుమచ్చ లాంటిది. దీనికి తోడు మన అలవాటు ఒకటి ఉంది: ప్రేమ కొద్దీ నూనె పోయడం. కుట్టుమిషనుకి పోసినట్టు పోసి, మూతి పైకి పెట్టి మూలన నిలబెడతారు. నూనె ఏళ్ల తరబడి కిందికి దిగి కర్ర తలని, అంటే ఇనుముకి ఆనే చివరని, నల్లగా, మెత్తగా చేస్తుంది. మెత్తబడ్డ చెక్క వెనక్కి జరిగితే లాక్ ప్లేటు వెనక అంచు ఉలిలా పనిచేస్తుంది. మన తుపాకిలో జరిగింది ఇదే, చీలిక లోపల చెక్క తారులా నల్లగా ఉంది.

దీనికి మందు ఉంది. కర్ర విడదీసి, సుద్దపొడిని ఎసిటోన్‌లో ముద్దగా కలిపి నల్లబడ్డ చోట పట్టించాలి. ఆరేటప్పుడు సుద్ద నూనెని పీల్చి పసుపుపచ్చగా మారుతుంది, రాల్చేసి మళ్లీ పట్టించాలి. సుద్ద తెల్లగానే రాలేదాకా, ఎన్నిసార్లయినా. ఎసిటోన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి బయట, గాలిలో చేయాలి. నూనె పోకముందు ఏ జిగురూ పట్టదు, తొందరపడ్డవాళ్ల అతుకులన్నీ మళ్లీ విడిపోయేది ఇందుకే. తర్వాత చీలికని కొద్దిగా తెరిచి పలచటి ఎపాక్సీని లోపలికి పంపి, రబ్బరు ట్యూబుతో గట్టిగా చుట్టి ఒక రోజంతా వదిలేయాలి. చివరగా కర్ర తల ఇనుముకి ఆనే చోట ఎపాక్సీతో పరుపు వేసి, లాక్ ప్లేట్ల వెనక అంచు దగ్గర కాగితమంత సందు వదలాలి. తన్ను తలకి తగలాలి, ప్లేటుకి కాదు.

విప్పేటప్పుడు మామూలు స్క్రూడ్రైవర్ వాడొద్దు. దాని మొన ఏటవాలుగా ఉండి సన్నటి గాడిలోంచి పైకి జారి గాడిని చింపేస్తుంది. మొన సమానంగా ఉన్న గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్ని ఒక్కో గాడికి సరిపోయేలా అరగదీసుకోవాలి. కదలని స్క్రూకి నూనె వేసి రెండు రోజులు ఆగాలి.

రంగు విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. పాత డబుల్ బ్యారెల్‌ని వేడి రసాయనంలో ముంచే నీలం రంగుకి ఇవ్వొద్దు. ఆ పట్టీలు తగరం, సీసం కలిపిన మెత్తటి టంకంతో అతికినవి. ఆ తొట్టిలోని క్షారం టంకాన్ని తినేస్తుంది, పట్టీల కిందకి చేరిన ఉప్పు కడిగినా పోక లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. ఈ గొట్టాలకి తుప్పు పద్ధతే సరైనది. తుప్పు పుట్టించే ద్రావకం పలచగా రాసి, తేమ పెట్టెలో ఉంచి, వేలాడదీసి నీళ్లలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లగా మారుతుంది. మెత్తటి స్టీలు ఉన్నితో తుడిచి మళ్లీ మొదలు. ఆరేడు సార్లు ఇలా చేస్తే పొర చిక్కబడుతుంది.

ఈ కారణానికే పూజ గురించీ చెప్పాలి. గొట్టాల మీద మూడు చోట్ల తెల్లటి మచ్చలున్నాయి. నిమ్మకాయ రసంలోని ఆమ్లం ఆ తుప్పు పొరని కరిగించేసింది. కొబ్బరినీళ్లలో ఉప్పులుంటాయి, పసుపునీళ్ల తడి సందుల్లో నిలుస్తుంది. మన తాతలు కొడవలికీ నాగలికీ బొట్టు పెట్టినా మర్నాడు వాటిని పనిలో అరగదీసేవాళ్లు. ఇది అరగదీసే వస్తువు కాదు. బొట్టు తుపాకి పెట్టెకి పెట్టండి, పువ్వు కర్ర మీద ఉంచండి. పూజ అవగానే పొడిగుడ్డతో తుడిచి, తర్వాత నూనె చుక్కతో తుడవండి. ఇంట్లో మూతి కిందికి పెట్టి తాళంలో దాచండి.

ఇక చట్టం. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లు సాధారణంగా తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో అద్దెకి తీసుకుని పట్టుకున్నా ఈ నియమం వర్తిస్తుంది. ఆ రోజు వెళ్లిన బృందంలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు, రాష్ట్రాల చట్టాలు వేరు. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనదాన్ని ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగా చూస్తుంది, మన తుపాకి సీరియల్ నంబరు ఆ తర్వాతిది కాబట్టి దానికి ఆ వెసులుబాటు లేదు. ఫెడరల్ అనుమతి లేకుండా గొట్టం 18 అంగుళాల కంటే పొట్టిగా కోస్తే ఫెడరల్ నేరం.

ఇవన్నీ చదివి ఎవరికైనా ఒకటి కొనాలనిపిస్తే, నా మటుకు ఫాక్స్ కంపెనీ స్టెర్లింగ్‌వర్త్ గానీ, ఇథాకా వాళ్లు 1926 నుంచి చేసిన ఎన్.ఐ.డి. (న్యూ ఇథాకా డబుల్) గానీ మొదట చూడమంటాను. రెండూ బాక్స్‌లాక్‌లు, అంటే యంత్రాంగం పక్క ప్లేట్ల మీద కాక ఫ్రేము లోపలే ఉంటుంది, గొట్టాలు డమాస్కస్ కావు. అదే ఇథాకా అంతకు ముందు చేసిన ఫ్లూస్ అనే మోడల్ చేతికి తేలిగ్గా ఉంటుంది, కానీ ఫ్రేము పలచన, బలమైన తూటాలకి పగిలినవి ఉన్నాయి. పార్కర్‌లో సగం ధర పేరుకే. డబ్బుంటే వించెస్టర్ 21. వీటిలో దేనిలోనూ స్టీలు గుళ్లు కాల్చొద్దు. సీసంలా అవి నలగవు, మూతి దగ్గర ఇరుకులో గొట్టాన్ని ఉబ్బిస్తాయి. బాతుల వేటలో సీసం 1991 నుంచి దేశమంతటా నిషేధం, అక్కడ బిస్మత్ వాడాలి. 20 గేజు తూటాని 12 గేజు తుపాకి దగ్గర ఉంచనే కూడదు. జారి గొట్టంలో ఇరుక్కుంటే, వెనక 12 పెట్టి కాల్చినప్పుడు తుపాకి పగులుతుంది. 20 గేజు తూటా పసుపుపచ్చ రంగులో ఉండేది ఇందుకే.

కమిటీ వారికి నా విన్నపం. ఆ ఎల్.సి. స్మిత్‌ని పోలీసులకి ఇచ్చేయమని ఆ కుటుంబాన్ని ఒత్తిడి చేయకండి. ఆ పేరుతో తయారీ 1950తో ఆగింది, తర్వాత కొద్దికాలం మళ్లీ వచ్చి పోయింది. ఇప్పుడు ఒక్క లాక్ ప్లేటు కోసం వెతికేవాళ్లు ఉన్నారు. దాని కర్ర అతుకుతుంది. గోడ మందం కొలిపించి, గన్‌స్మిత్ సరే అంటేనే 2½ తూటాలతో కాలుద్దాం, కాదంటే గోడకి వేలాడదీద్దాం. రేంజి రోజు పెట్టేముందు వచ్చేవాళ్ల వీసా సంగతి అడగండి. సంఘం డబ్బుతో ఒక చాంబర్ గేజు కొనండి, అది రేంజి రోజు బల్ల మీద అందరికీ కనిపించేలా ఉండాలి. వచ్చే దసరాకి ఆయుధ పూజ బల్ల మీద ఆ తుపాకికి మళ్లీ చోటివ్వండి, నిమ్మకాయలు బల్ల ఆ చివర పెట్టండి.