కచ్చేరీ చేతిలో తుపాకి

విజయనగరంలో ఆటో ఎక్కి 'కంటోన్మెంట్' అంటే డ్రైవరు మారుమాట అడగడు. ఇప్పుడక్కడ పటాలమూ లేదు, దొరలూ లేరు. పేరు మాత్రం మిగిలింది.

తెల్లవాళ్లు ఎన్ని చేసినా సైన్యాన్ని సివిల్ అధికారుల మాట దాటనివ్వలేదని మనలో చాలామంది మెచ్చుకోలుగా అంటుంటారు. నిజమే. కానీ ఆ సివిల్ అధికారి ఎవరు? ఉత్తరాంధ్రలో అతను మొదట ఈస్టిండియా కంపెనీ వ్యాపారి, తర్వాత శిస్తు వసూలు చేసే కలెక్టరు. ఫౌజు పగ్గం అతని చేతిలో ఉందంటే, ఫౌజు ఎప్పుడు కదలాలో తేల్చేది బాకీల చిట్టా అన్నమాట.

పద్మనాభం యుద్ధమే చూడండి. విజయనగరం రాజు చిన విజయరామరాజు మీద పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీలు పేరుకున్నాయి. మద్రాసు ప్రభుత్వం ఆయన్ని గద్దె దింపింది. నెలకు 1,200 రూపాయలు ఇస్తాం, మచిలీపట్నం వెళ్లి ఉండమంది. ఆయన మచిలీపట్నం దారి పట్టకుండా తనవాళ్లతో పద్మనాభంలో దిగాడు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం విరుచుకుపడింది. గంటలోపే అంతా అయిపోయింది. రాజు, ఆయన్ని నమ్ముకున్న సర్దార్లు ఎందరో అక్కడే నేలకొరిగారు. మనం దాన్ని యుద్ధం అంటాం, వీరగాథగా చెప్పుకుంటాం. కంపెనీ కచ్చేరీ లెక్కలో మాత్రం అది మొండి బాకీ వసూలు. తర్వాత జరిగింది చూస్తే అదే అనిపిస్తుంది: కొడుకు నారాయణబాబును కొండల్లోంచి పిలిపించి జమీ తిరిగి ఇచ్చారు, కొత్త పేష్కష్ రాయించుకున్నారు. 1802 శాశ్వత పైసలాలో (శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన ఏర్పాటులో) అది ఏటా 5 లక్షల రూపాయలు.

అలాగని సిపాయిలు, సైనిక దొరలు ఎప్పుడూ తలవంచి ఉన్నారనుకోకండి. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు హైదర్ అలీ మీదికి పోయే ఓడ ఎక్కబోమని ఎదురు తిరిగి తెల్లవాళ్లను కాల్చిచంపారు. 1809లో మచిలీపట్నంలో తెల్ల ఆఫీసర్లే మద్రాసు గవర్నరు బార్లో మీద తిరగబడ్డారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, పటాలానికి గుడారాలు సమకూర్చేందుకు ఆఫీసర్లకు ఇచ్చే కాంట్రాక్టు రద్దు. అందులో వాళ్లకు బాగానే గిట్టుబాటయ్యేది మరి! సివిల్, మిలటరీ గొడవంటే సిద్ధాంతాల గొడవ అనుకుంటాం గానీ, చాలాసార్లు అది అలవెన్సుల గొడవ.

అసలు మలుపు కొండల దగ్గర వచ్చింది. పాలకొండ, పర్లాకిమిడి వైపు తిరుగుబాట్లు చెలరేగితే 1832లో జార్జి రస్సెల్‌ను స్పెషల్ కమిషనర్‌గా పంపారు. ఆయన రెవెన్యూ బోర్డు మనిషి. అయినా మార్షల్ లా ప్రకటించే అధికారం ఆయన చేతిలో పెట్టారు. ఇక సివిల్ ఎక్కడ ఆగింది, మిలటరీ ఎక్కడ మొదలైంది? పాలకొండ జమీ కంపెనీ పాలైంది. రస్సెల్ సిఫార్సుల మీద వచ్చిన 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖ కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా కూర్చోబెట్టింది. సీతంపేట, భద్రగిరి వైపు వెళ్తూ మనం అనే 'ఏజెన్సీ' ఆ ఏజెంటు పేరే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో కలెక్టరు ఇప్పటికీ ప్రభుత్వ ఏజెంటే.

చట్టం కూడా పెద్దగా మారలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టంలో) 149వ సెక్షన్ ప్రకారం, గుంపును వేరే రకంగా చెదరగొట్టలేకపోతే కలెక్టరు లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు సైన్యాన్ని పిలవొచ్చు. వీలైనంత తక్కువ బలం వాడాలని కూడా అందులోనే ఉంది. బ్రిటిష్ కాలపు కోడ్‌లోంచి నడిచొచ్చిన నియమమే ఇది. మంచి నియమమే. అయితే రెండు సెక్షన్ల తర్వాత 151 ఉంది: ఇలా చేసినందుకు ఆ మేజిస్ట్రేటు మీద గానీ, సైనికాధికారి మీద గానీ కేసు నడపాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి.