మాస్టర్ ప్లాన్ వారికి ఒక బేసిక్ విన్నపం

మహారాజశ్రీ వడ్రంగం వీడియోల వార్షిక సభ్యత్వం గారికి, నెల్లూరు నుంచి మీ ‘బేసిక్’ చందాదారుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కులాసాగానే ఉన్నారని మొన్న మా బ్యాంకు మెసేజ్ పెట్టింది. రెండో ఏడాదికి పన్నెండు వేల ఎనిమిది వందలు మీకు ముట్టాయట. దానంతటదే కట్ అయ్యే చందా, పైగా 15,000 లోపే కాబట్టి ఓటీపీ కూడా అడగలేదు. ముందురోజే చెప్పామంటుంది బ్యాంకు. చెప్పే ఉంటుంది, లోన్ కావాలా అంటూ రోజూ వచ్చే పది మెసేజ్‌ల మధ్యలో.

డబ్బు పోతే పోయింది. మంగళవారం పొద్దున జరిగినదే మింగుడుపడటం లేదు.

మీ లైవ్ అక్కడ అమెరికాలో మీకు రాత్రి ఎనిమిదికి, మాకు తెల్లవారుజామున అయిదున్నరకి. అలారం పెట్టుకుని లేచి, ఎవరికీ నిద్ర చెడకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. ఆరైనా తెర మీద మీ లోగోనే. నవంబరు మొదటి ఆదివారం మీరు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారని, ఇకమీదట మాకు ఆరున్నర అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది? సరే, రెండు కాఫీలు తాగాను.

చివరికి నా ప్రశ్న చదివారు. ‘వానలకి సొరుగు బిగుసుకుపోయింది. పగలగొట్టకుండా తీయడమెలా? అసలు ఎంత సందు వదలాల్సింది?’ ఇండియా నుంచి అద్భుతమైన ప్రశ్న అన్నారు. నోట్‌బుక్ తెరిచాను. ‘చెక్క కదలిక మీద మన దగ్గర పూర్తి కోర్సే ఉంది, మాస్టర్ ప్లాన్‌లో’ అని, అంటే నా బేసిక్‌కి పై మెట్టులో ఉందని చెప్పి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. వర్క్‌షాప్‌లో పాటలకి ఏ స్పీకర్ మంచిదని ఎవరో అడిగారు. దానికి మాత్రం పదకొండు నిమిషాలు!

అయ్యా, చెక్క ఉబ్బుతుందని తెలుసుకోవడానికి మాస్టర్ ప్లాన్ కొనాలా? మా ఇంట్లో వానలొచ్చాయని వాతావరణ శాఖ కంటే ముందు బాత్రూం తలుపు చెబుతుంది. తేమకి ఉబ్బి, ఎండకి తగ్గే ఈ కదలిక చెక్క పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. అందులోనూ చెట్టు వయసు చెప్పే వలయాల వెంట కదిలేది, వలయాలకి అడ్డంగా కదిలేదానికి ఇంచుమించు రెట్టింపు. ఉలి చేతికిచ్చే ముందు చెప్పాల్సిన ఓనమాలివి. అవి దాచిపెట్టి, 14వ పాఠంలో ఏం నేర్పారు? సొరుగు పిస్టన్‌లా నడవాలి, ఒకటి మూస్తే గాలికి పక్కది బయటికి రావాలి అన్నారు. మీకేం, షాపులో ఏసీ ఉంది, తేమ లాగే మెషిన్ ఉంది. నేను చేసింది రోహిణీ కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, చెక్క అప్పడంలా ఉన్నప్పుడు. కాగితం దూరేంత సందుతో, మీరు చెప్పినట్టే. నవంబరు వానకి జానెడు పలక ఒక్క మిల్లీమీటరు ఉబ్బింది. చాలదూ? లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

“మన తలుపుకి తెలిసిన పాటి ఆ అమెరికా ఆయనకి తెలీదా అండీ?” అంది మా ఆవిడ.

ఓ సభ్యత్వమా, నిన్ను ఎంచుకోవడానికి ఒక ఆదివారం తగలేశాను, తెలుసా నీకు? మూడు సభ్యత్వాలు, ఎక్సెల్ షీట్, రంగులు. ఒకటి అన్నీ మెషిన్లతోనే అని కొట్టేశాను. ఇంగ్లండ్ వడ్రంగి పెద్దాయన పాల్ సెల్లర్స్ చెక్కలు కలిపే మూడు రకాల కీళ్లు, పది చేతి పనిముట్లు వస్తే చాలంటారు. అంత తక్కువా అని నాకే నామోషీ అనిపించింది. నీ దగ్గర నాలుగు వందల గంటల వీడియో అని చూసి పడిపోయాను. చదువుని గంటల లెక్కన కొన్నవాణ్ని నన్ననాలి. తీరా చూస్తే 52 నిమిషాలు నీ షాపు చూపించడానికే, మిగతాదాంట్లో సగానికి తాళం బొమ్మలు. వాల్‌నట్ తెచ్చుకోమన్నావు. టింబర్ డిపో ఆయన, అక్రోట్లు కిరాణా కొట్లో దొరుకుతాయన్నాడు. బేసిక్ అని పేరు పెట్టి, ఆ బేసిక్ సంగతే పై ప్లాన్‌లో దాచి తాళమేస్తావా? సిగ్గుండక్కర్లా?

రద్దు చేద్దామని నొక్కితే నాలుగు తెరలు, చివర్లో నీ కుక్క బొమ్మ, ‘వెళ్లిపోతున్నారా?’ అని. 2023లో మన కేంద్రం ఇలాంటి మాయలు 13 పట్టీ వేసి, చందా ఉచ్చుని కూడా అందులో చేర్చింది. కుక్కకి ఇవన్నీ తెలియవు కదా పాపం, దాని మొహం చూసి ఆగిపోయాను.

అబద్ధమెందుకు, ఉలికి పదును పెట్టడం మాత్రం నీ దగ్గరే నేర్చుకున్నాను. వెనక వైపు అద్దంలా అయ్యేదాకా రాయి మీద రుద్దించావు, అంచున లేచిన సన్నటి పొర వేలికి తగిలేదాకా వదల్లేదు. ముంజేతి వెంట్రుకలు గొరిగే ఉలి మా వీధిలో నా ఒక్కడికే ఉంది. అది చేతిలో ఉంటే సొరుగు పైఅంచు గీరేయడం పది నిమిషాల పని.

శుక్రవారం గూడూరులో పెళ్లి. మా ఆవిడ పట్టుచీర బీరువాలో ఉంది. బీరువా తాళం సొరుగులో ఉంది. ఆ ఉలి కూడా.