25 శాతం సీట్లు సరే, కూర్చోబెట్టేది ఏ సెక్షన్‌లో?

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకిస్తే అంతరాలు వాటంతటవే తగ్గుతాయని ఒక వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ.

ముందు డబ్బు సంగతి. ఆ చట్టంలోని సెక్షన్ 12(2) ప్రకారం ఒక్కో పిల్లకు ప్రభుత్వం తన బడిలో పెట్టే ఖర్చు, ప్రైవేటు బడి తీసుకునే ఫీజు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది ప్రభుత్వమే బడికి చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలని ఖరారు చేసి, దాన్ని అప్పటి అమ్మఒడి పథకం కింద తల్లుల ఖాతాల్లో పడే సొమ్ములోంచి తల్లిదండ్రులే కట్టాలన్నారు. ఆ జమ ఆలస్యమైతే బడి ఎవరిని నిలదీసేది? తల్లినే. పైగా ఉచితం ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలో పూర్తి ఫీజు అడిగితే ఆ పిల్లాడు బడి మారాల్సిందే.

కలిసిమెలిసి ఉండటం గురించైతే ఢిల్లీ బడుల మీద ఆర్థికవేత్త గౌతమ్ రావు 2019లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పేద సహాధ్యాయులున్న సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది. ఇంగ్లిష్ మార్కులు మాత్రం కాస్త తగ్గాయి. పేర్ల అక్షరక్రమంలో స్టడీ గ్రూపులు వేసిన బడుల్లో, పేద పిల్లలతో ఒకే గ్రూపులో పడ్డవాళ్లలోనూ ఈ మార్పు కనిపించింది. వేరే సెక్షన్‌లోనో సాయంత్రం షిఫ్టులోనో పడేస్తే ఇదెక్కడ వస్తుంది? కేంద్ర నియమాలు కూడా అలా విడదీయొద్దనే చెబుతున్నాయి. తనిఖీకొచ్చే ఎంఈవో (మండల విద్యాధికారి) అడ్మిషన్ల జాబితా ఒక్కటే కాక సెక్షన్లవారీ హాజరుపట్టీ కూడా పక్కన పెట్టుకు చూస్తే విషయం అక్కడికక్కడే తేలిపోతుంది.