తొమ్మిదో తరగతి దగ్గర తెగుతున్న దారి

విద్యాహక్కు చట్టం పిల్లలకు అండగా ఉండేది 14 ఏళ్ల వరకు, అంటే ఎనిమిదో తరగతి దాకానే. అప్పటివరకు వలస కుటుంబం ఏ ఊరికి చేరినా అక్కడి బడి ఆ పిల్లల్ని చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని వెనక్కి పంపకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద చదువుల సీట్లకు స్థానికత లెక్క మొదలయ్యేది ఆ తర్వాతి తరగతి నుంచి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఇక్కడే చదివితేనే లోకల్. చట్టం ఎక్కడ వదిలేస్తుందో సరిగ్గా అక్కడే లెక్కపెట్టడం మొదలుపెడుతున్నాం. పొట్ట చేతపట్టుకుని తిరిగే కుటుంబాల పిల్లలకు దక్కని నాలుగేళ్లు అవే. ఈ మాట ఇన్నేళ్లలో ఏ ప్రభుత్వ సమీక్షలోనూ గట్టిగా వినిపించకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

స్థానికత నిబంధనను మేము వ్యతిరేకించడం లేదు. ముల్కీ (స్థానికుల) వివాదం, 1969, 1972 ఉద్యమాలు, 1973 నాటి ఆరు సూత్రాల పథకం, ఆ వెనుక రాజ్యాంగంలో 371డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు... ఇంత చరిత్ర నుంచి 85 శాతం స్థానిక కోటా వచ్చింది. వెనకబడిన ప్రాంతాల పిల్లలకు అది నిజమైన రక్షణ. అందులో ఒక ఉదారత కూడా ఉంది. అది పుట్టుకను కాకుండా చదువును చూస్తుంది. బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీ కూతురు హైదరాబాద్‌లో ఆ నాలుగేళ్లు చదివితే ఆమె ఇక్కడి లోకలే. అలా ఉండటమే న్యాయం.

కానీ ఇక్కడి నుంచి బయటికి వెళ్లిన పేదవాడి బిడ్డ సంగతేమిటి? నారాయణపేట, కొడంగల్ తండాల నుంచి ముంబై, పుణె కట్టడాల పనులకు పోవడం తరాలుగా ఉన్నదే. భివండీ, షోలాపూర్ మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇల్లు, ఓటు, రేషన్ కార్డు సొంతూళ్లో, పని అక్కడ. పిల్లవాడు తొమ్మిదో, పదో తరగతి అక్కడ చదివి ఇంటర్‌కు సొంతూరికి తిరిగొస్తే నాన్‌లోకల్ అవుతాడు. ఇంజినీరింగ్‌లో మిగిలిన 15 శాతం సీట్లలో కొంత వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం పోగా, రాష్ట్రంలో మొత్తం 10 ఏళ్లు ఉన్నట్టు చూపిస్తే పోటీ పడవచ్చు. సర్వీస్ రికార్డు ఉన్న ఉద్యోగికి అది తేలిక. గుంపు మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగిన కూలీ ఆ లెక్క ఏ కాగితంతో చూపిస్తాడు?

తెలంగాణలో మెడికల్ సీట్ల వివాదం ఈ తేడాను బయటపెట్టింది. 2024 జులైలో ప్రభుత్వం మెడికల్ ప్రవేశాలకు అదే నాలుగేళ్ల షరతు పెడుతూ జీవో 33 తెచ్చింది. శాశ్వత నివాసులకు ఆ నాలుగేళ్ల షరతు వర్తింపజేయడం సరికాదని హైకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి నిబంధనను సమర్థించింది. ఆ విచారణలోనే ప్రభుత్వం కొందరికి మినహాయింపు ఇస్తామని ఒప్పుకుంది. బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, తెలంగాణ కేడర్ ఐఏఎస్, ఐపీఎస్‌ల పిల్లలు, సైనికుల, కేంద్ర బలగాల జవాన్ల పిల్లలు, బదిలీలుండే రాష్ట్ర సంస్థల ఉద్యోగుల పిల్లలు. ఇవన్నీ సబబైనవే. తండ్రి బదిలీకి బిడ్డను శిక్షించకూడదన్న సూత్రం వాటి వెనక ఉంది. మరి కరువు కూడా బదిలీ చేస్తుంది కదా. ఆర్డర్ కాపీ ఉన్న బదిలీని గుర్తించిన ప్రభుత్వం, ఆకలి చేసే బదిలీని గుర్తించలేదు. ఆ జాబితాలో వలస కూలీ పేరు లేకపోవడం మాకు ఏ విధంగానూ సమంజసంగా కనబడటం లేదు.

రాష్ట్రం దాటని వలసలో దెబ్బ ఇంకోలా పడుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, జనం ఏటా సుగ్గికి, అంటే కోతల కూలికి వలస పోతారు. ముందు పత్తి, తర్వాత గుంటూరు మిరప కోతలు. కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లోనే పదో తరగతి పరీక్షలు వస్తాయి. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు తెరుస్తున్నారు, మంచిదే. కానీ అవి ఆలస్యంగా తెరిచిన ఏడాది పిల్లలు అప్పటికే బండెక్కి ఉంటారు. పరీక్ష తప్పినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉందంటారు. అయితే బాసర ట్రిపుల్ ఐటీ లాంటి చోట పదో తరగతి మొదటిసారే పాసై ఉండాలి. ఒక్క మార్చి నెల పోతే ఒక మంచి ద్వారం మూసుకుంటుంది.

మన దగ్గరికి వచ్చే పిల్లల గురించి కూడా చెప్పాలి. బలంగీర్, నువాపడా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాల పిల్లల కోసం తెలంగాణలో ఒడియా బోధించే వర్క్‌సైట్ స్కూళ్లు నడిచాయి. మెచ్చుకోదగ్గ పని. అయితే అవి చాలావరకు చిన్న తరగతులకే. హైస్కూలు వయసొచ్చిన పిల్లలు బట్టీలో ఇటుకలు తిప్పుతుంటారు. ఎలాగో చదివి కాలేజీ గడప దాకా వచ్చినా కుల ధ్రువీకరణ అడ్డొస్తుంది. సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ కోరలేరని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన గిరిజన విద్యార్థే. దాన్ని మార్చడం రాష్ట్రాల చేతిలో లేదు. ఫీజులో, హాస్టల్‌లో, స్కాలర్‌షిప్‌లో సాయం చేయడం మాత్రం వాటి చేతిలోనే ఉంది.

చేయగలిగినవి కొత్తవేమీ కావు. రాష్ట్రం లోపల ప్రాంతాలు మారిన విద్యార్థికి ఏడేళ్ల చదువును లెక్కలోకి తీసుకునే పద్ధతి 1974 ఉత్తర్వులోనే ఉంది. అదే ఆలోచనను రాష్ట్రం దాటిన కూలీ పిల్లలకూ వర్తింపజేయవచ్చు. రుజువుగా అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు, భవన నిర్మాణ కార్మికుల కార్డు, సొంతూరి రేషన్ కార్డు చాలు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో 0.4 పాయింట్లు కలిపిన అనుభవం మనకుంది.  వలస జీవితానికీ అలాంటి వెయిటేజీ ఇవ్వడానికి అడ్డేమిటి?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడుగుతున్నది ఇది. వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లోపు మినహాయింపుల జాబితాలో వలస కార్మికుల పిల్లల్ని చేర్చాలి. సీజనల్ హాస్టళ్లను దసరా సెలవులు ముగిసేనాటికే తెరవాలి. వాటిలో తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ప్రతి విద్యార్థికీ చోటుండాలి.