రంగు తేడా అంటూ నేతన్న కూలి కోస్తారా?

షోరూంలో గద్వాల చీర ఒళ్లూ అంచూ ఒకే మెరూన్. ఇంటికొచ్చి వాకిట్లో విప్పితే అంచు ఎరుపు తేలి, ఒళ్లు గోధుమ తిరిగి ఉంటుంది. చీర వాపసు. 'రంగు తేడా' అన్న మాట షోరూం నుంచి, నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్‌కు, అక్కడి నుంచి మగ్గం దాకా దిగి, చివరికి కూలిలో కోత పడుతుంది. నా మటుకు ఇది దగా. చాలాసార్లు ఆ తేడా తెచ్చింది దుకాణంలోని లైటే.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే రెంటినీ కలుపుతారు. పట్టుకు సాధారణంగా యాసిడ్ రంగులు, నూలుకు రియాక్టివ్ లేదా వ్యాట్ రంగులు. అంటే ఒకే మెరూన్‌గా కనిపించేవి రెండు వేర్వేరు రసాయనాలు. ఒక లైటు కింద కలిసినవి ఇంకో లైటు కింద విడిపోతాయి. మెటామెరిజం అంటే ఇదే. చవక ఎల్ఈడీలో 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలం ఎక్కువ, ముదురు ఎరుపు తక్కువ. మెరూన్‌కు కావలసింది ఆ ఎరుపే! బల్బు పెట్టె మీద సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని ఉన్నా మురవక్కర్లేదు. అది 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపు సంగతి ఆర్9 అనే వేరే అంకె చెబుతుంది, దాన్ని చాలా పెట్టెల మీద వేయరు.

ఇక పక్క రంగు చేసే మాయ. పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకాల అధిపతి షెవ్రూల్‌కు నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకం బాగానే ఉంది. నీలం, ఊదా పక్కన పడటంతో కన్ను మోసపోయింది. ఆ సూత్రాన్ని ఆయన 1839లో ప్రచురించాడు. పోచంపల్లి ఇక్కత్‌లోనూ అంతే: తెలుపు పక్కన నిగనిగలాడే నలుపు ముదురు నీలం పక్కన వెలిసినట్టుంటుంది. వయసుతో కంటి కటకం పచ్చబడి నేవీ బ్లూ, నలుపు ఒకటిగా తోస్తాయి. సరుకు తిప్పి పంపేవారి కళ్లను ఎవరు పరీక్షించారు?

అద్దకంలో తప్పులుండవని కాదు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటిందా, అది అద్దకం తప్పే. ఒక్కో విడతకు ఛాయ మారడమూ ఉంది.

కానీ తీర్పు చెప్పే పద్ధతి ఉండాలి కదా. ఉదయం 10 నుంచి 3 లోపు, నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ దగ్గర, బూడిదరంగు గుడ్డ మీద, ఒప్పుకున్న నమూనా దారం పక్కన పెట్టి చూడాలి. సహకార సంఘాల్లో పగటి వెలుగును పోలిన 6500 కెల్విన్ లైటు పెట్టె ఒకటి ఉంటే మబ్బు రోజున కూడా పని ఆగదు.

చేనేతకు రుణాలు, ప్రదర్శనలు అంటూ ప్రభుత్వాలు హడావుడి చేస్తాయి. వ్యాపారంలో నష్టమొస్తే ఎవరు మోయాలన్న మాట మాత్రం ఎక్కడా కాగితం మీదికి రాదు, అందుకే అది మగ్గం మీద పడుతుంది. ఆర్డర్ చీటీకి నమూనా దారం కుట్టి, ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. ఆ చీటీ చూపలేని షావుకారికి రూపాయి కూడా కోసే హక్కు లేదని చేనేత శాఖ ఉత్తర్వు ఇవ్వాలి.