బంకలో ఇరుక్కున్న మగాడు

రమణ: సుజాతా, ఇటు చూడు! మయన్మార్ కచిన్ ప్రాంతంలో దొరికిన అంబర్‌లో, అదే రాయిలా గట్టిపడిన చెట్టు బంకలో, పెంకు పురుగట, దాదాపు 9.9 కోట్ల ఏళ్ల కిందట ఇరుక్కుంది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

సుజాత: మగదా, ఆడదా?

రమణ: మగదే. మీసాలు చూస్తేనే తెలియట్లా? దువ్వెన పళ్లలా ఎంత ఠీవిగా విచ్చుకున్నాయో!

సుజాత: ఠీవీ లేదు, ఏమీ లేదు. ఆడపురుగు వదిలే వాసన గాల్లో కాస్త ఉన్నా పట్టెయ్యాలని మీసాలకి అన్ని కొమ్మలు. వెతుక్కునే పని లేని ఆడవాటికి అంత ఆర్భాటం ఎందుకు, సన్నగా ఉంటాయి.

రమణ: కళ్లు కూడా మగవాటికే పెద్దవట.

సుజాత: మిణుగురుల్లో చాలావాటికి అంతే. చీకట్లో ఆవిడ దీపం ఎక్కడ వెలుగుతోందో కనిపెట్టాలిగా. అంత పెద్ద కళ్లుండి ఎదురుగా ఉన్న బంక కనబడలేదు చూడండి, అదీ మగబుద్ధి.

రమణ: నువ్వెన్నైనా చెప్పు, చరిత్రకెక్కింది మేమే. మిణుగురుల చుట్టం, క్రెటోఫెంగోడెస్ అని 2021లో పేరు పెట్టినదుందే, అదీ మగదే, పొట్ట కింద వెలుగిచ్చే భాగంతో సహా దొరికింది! మరి మీవాళ్లేరీ?

సుజాత: మీరు హెడ్డింగ్ చదివి లేచినట్టున్నారు. దాని దగ్గరి చుట్టాల్లో ఇప్పటికీ చాలా ఆడపురుగులకి రెక్కలే రావు, పెద్దయినా పిల్లపురుగులాగే ఉండి నేల మీద పాకుతూ బతుకుతాయి. ఎగిరేది మగది, ఆవిడ కోసం ఊరంతా గాలించి గాలించి చెట్టుకి గుద్దుకునేదీ అదే. అందుకే ఇలాంటి జాతుల్లో అంబర్‌లో ఎక్కువగా మీవాళ్లే దొరుకుతారు.

రమణ: అంటే ప్రేమ కోసం ప్రాణత్యాగం!

సుజాత: అడ్రస్ కనుక్కోకుండా బయల్దేరడం.

రమణ: సరే తల్లీ. పోనీ ఎప్పుడైనా ఆడది దొరికిందనుకో, ఈయన భార్యేనని ఎలా గుర్తుపడతారు?

సుజాత: అదే కష్టం. మొగుడూ పెళ్లాం పోలికలు అంత వేరుగా ఉంటే, రెండు జాతులనుకుని చెరో పేరు పెట్టేసే ప్రమాదముంది. జంటగా కలిసి ఉండగా బంకలో పడితే మాత్రం ఇక ఎవరూ వాదించరు.

రమణ: మరి మనం ఇప్పుడు, ఇలా పోట్లాడుకుంటూ పడిపోతే?

సుజాత: ఒకటి రెండోదాన్ని తినబోతుండగా ఇరుక్కున్నాయని రాస్తారు.

రమణ: ఏది దేన్ని?

సుజాత: మీసాలు చూసి వాళ్లే తేల్చుకుంటారు లెండి.